గాజుకి అంటుకున్న ఆ జిగురు ముద్ద ఏంటి?

ఇంట్లో ఆక్వేరియం ఉందని తెలిసిన దగ్గర్నుంచి నా వాట్సాప్‌కి ఇవే ఫొటోలు: ఆకు కిందో గాజు మీదో ఏదో అంటుకుని ఉంటుంది, "మా చేప గుడ్లు పెట్టిందా?" అని ఆశగా ఒక ప్రశ్న. చాలాసార్లు అవి నత్తగుడ్లే. గప్పీలు, మోలీలు మాత్రమే ఉన్న ట్యాంకైతే అసలు అనుమానమే అక్కర్లేదు, అవి గుడ్లు పెట్టవు, నేరుగా పిల్లల్నే కంటాయి. ఏంజెల్ ఫిష్ గుడ్లు దేనికది విడిగా, ఆకు మీద వరసగా ఉంటాయి, ఆ జంట సాధారణంగా అక్కడే కాపలా కాస్తూ కనిపిస్తుంది.

నత్త పెట్టేది జెల్లీ ముద్ద. ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, కెమెరా జూమ్ చేసి చూడండి: మొదట్లో లోపల లేత చుక్కలే ఉంటాయి, కొన్నాళ్లకి ఒక్కో చుక్కా కాస్త పెరిగి, ఓపిగ్గా చూస్తే తన గుడ్డులోనే మెల్లగా గింగిరాలు తిరుగుతుంటుంది, ఆ తర్వాత బుల్లి గుల్ల ఆకారం కూడా తెలుస్తుంది. ట్యాంకులో నాకు చేపలకన్నా ఇది చూడటమే ఇష్టం, ఇంట్లోవాళ్లు నవ్వుకున్నా సరే! నీళ్లు వెచ్చగా ఉంటే త్వరగా పొదుగుతాయి, మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు.

ముద్ద గుండ్రంగా, పలచగా ఉంటే రామ్స్‌హార్న్ అనే రకం నత్తది, పొడుగ్గా వంపు తిరిగి ఉంటే బ్లాడర్ స్నెయిల్‌ది అయ్యే అవకాశం ఎక్కువ. రెండూ ద్విలింగ జీవులే, జోడీ లేకుండా ఒక్కటే ఉన్నా గుడ్లు పెట్టేస్తుంది. కొన్న మొక్క ఆకుకి అంటుకుని వచ్చే అతిథులు ఇవే. ట్రంపెట్ స్నెయిల్ అసలు గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అందుకే అవి ఎక్కడ్నుంచి ఊడిపడ్డాయో ఎవరికీ అర్థం కాదు.

చెక్క మీద నువ్వుగింజల్లా గట్టిగా, తెల్లగా ఉన్నవైతే నెరైట్ అనే రకం నత్తవి. వాటికి టెన్షన్ పడక్కర్లేదు, ఆ పిల్లలు పెరగాలంటే ఉప్పునీళ్లు కావాలి, మంచినీళ్ల ట్యాంకులో సంతతి పెరగదు. చూడ్డానికి చిరాకు, గీకినా ఓ పట్టాన రావు, అంతే.

జెల్లీ ముద్దల్ని గాజు మీంచి పాత ఏటీఎం కార్డుతో గీకేయొచ్చు కానీ, అసలు కిటుకు మేత దగ్గరే ఉంది. చేపలు తినగా మిగిలిందే నత్తల భోజనం, అది తగ్గిస్తే గుడ్లూ తగ్గుతాయి. రాత్రి కీరా ముక్క వేసి పొద్దున్నే తీస్తే దాని మీద చేరిన నత్తలు కూడా వచ్చేస్తాయి. రాగి ఉన్న మందు మాత్రం పొయ్యకండి, రొయ్యలు పోతాయి, చచ్చిన నత్తలు కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది.

మిస్టరీ స్నెయిల్ లెక్కే వేరు. ఆడదీ మగదీ వేరువేరు, అయితే ఒకసారి జతకట్టిన ఆడది నెలల తర్వాత కూడా గుడ్లు పెట్టగలదు. నీళ్లకి పైన, మూత కింద, లేత గులాబీ రంగు గుత్తి పెడుతుంది. పిల్లలు కావాలంటే గుత్తిని అక్కడే తేమగా ఉండనివ్వండి, నీళ్లలో మునిగితే చచ్చిపోతాయి. వద్దంటే ఊడదీసి, కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టి ఆ తర్వాత పారేయండి. కాలవల్లో, చెరువుల్లో మాత్రం వెయ్యొద్దు. వీటి దగ్గరి చుట్టం గోల్డెన్ ఆపిల్ స్నెయిల్‌ని 1980ల్లో తినడానికని ఫిలిప్పీన్స్‌కి తెస్తే, అది వరి పొలాల్లోకి పాకి నాట్లనే తినేసింది.