కాల్షియం గోళీలు

ఆదివారం సాయంత్రం. కాజీపేటలో రైలెక్కాను, ఘన్‌పూర్ దాటింది. సికింద్రాబాద్‌లో దిగేలోపే ఇవాళ్టి సంగతి రాసుకోవాలి.

పొద్దున బాపుతో భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి వచ్చి, బుధవారం ల్యాబ్‌లో తీసిన రికార్డింగులు ముందేసుకున్నాను. డిస్ట్రోఫిన్ అంటే కండరపు పోగు గోడను గట్టిగా ఉంచే ప్రొటీన్; అది లేని ఎలుకల పాదంలోంచి తీసిన కండరపు పోగులవి, ఒక్కొక్కటి అర మిల్లీమీటరు పొడవుంటాయేమో. ఫ్యూరా-2 అనే రంగు నింపి, 340, 380 నానోమీటర్ల కాంతిని మార్చి మార్చి వేస్తే లోపల కాల్షియం ఎంతుందో తెలుస్తుంది. రోజర్ చెన్ అనే శాస్త్రవేత్త వాళ్లు 1985లో ఇచ్చిన రంగు, ఇప్పటికీ మా పనంతా దాని మీదే. పోగు ముడుచుకోగానే గీత పైకి లేస్తుంది, వదులుకాగానే దిగాలి. మూడు పోగుల్లో దిగనే లేదు. అది జబ్బు వల్లా, నేను తీసేటప్పుడు పోగు దెబ్బతినడం వల్లా? చచ్చిపోతున్న పోగులో కూడా కాల్షియం పెరుగుతుంది. ఆ మూడింటినీ పక్కన పెట్టాను.

పదకొండింటికి వెనకింటి అక్క వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల బాబుకి పదేళ్లు, డుషేన్ జబ్బు: డిస్ట్రోఫిన్ లేక కండరాలు క్రమంగా క్షీణిస్తాయి. చిన్నప్పుడు వాడి పిక్కలు లావుగా ఉంటే పహిల్వాన్ అవుతాడని వాళ్ల నానమ్మ మురిసిపోయేది. కింద కూర్చున్నవాడు తొడల మీద చేతులు ఆన్చి, తన ఒంటినే పట్టుకుని పైకి పాకినట్టు లేస్తున్నాడని మొదట గమనించింది అక్కే. ఈ ఎండాకాలం నుంచి వీల్‌చైర్.

చాయ్ ఇస్తూ అక్క అంది: "చెల్లె, బతుకమ్మ పండక్కి నువ్వు చెప్పినంక కాల్షియం గోళీలు బంద్ చేసిన. పాలు గూడ తగ్గించిన. మంచిగనే చేసిన గదా?"

నాకు మాట రాలేదు. పండగప్పుడు నువ్వేం చదువుతున్నవని అడిగితే, వీడి కండరాల్లో కాల్షియం ఎక్కువై అదే కండరాన్ని తినేస్తుందని, నేను చూసేది అదేనని చెప్పాను. అంతే చెప్పి అప్పాలు తింటూ కూర్చున్నాను. నాకు కాల్షియం అంటే పోగులో వెలిగి ఆరే సంకేతం. అక్కకు అది మెడికల్ షాపులో దొరికే గోళీ. పేరు ఒక్కటే.

ముందు భయంతో అడిగాను, "స్టెరాయిడ్ కూడా ఆపినవా అక్కా?" "లే, అది ఇస్తున్న" అంది. ఊపిరి పీల్చుకున్నాను. అది ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ప్రమాదం.

తర్వాత నింపాదిగా చెప్పాను. కండరం లోపల ఒక చెరువు ఉంటుందనుకో. కాల్షియం అందులో నిల్వ ఉంటుంది. నరం నుంచి కబురు రాగానే తూము తెరుచుకుంటుంది, కాల్షియం పారి కండరం ముడుచుకుంటుంది. పని కాగానే మోటార్లు దాన్ని మళ్లీ చెరువులోకి తోడేస్తాయి. వీడి కండరానికి గోడ పలచన, కదిలినప్పుడల్లా పగుళ్లు పడి బయటి కాల్షియం లోపలికి వస్తుంది. తూము కారుతుంది, మోటారుకు సత్తువ చాలదు. పత్తి చేనులో నీళ్లు నిలిచినట్టు. అక్క వాళ్లకి పరకాల దగ్గర రెండెకరాల పత్తి ఉంది, ఆ మాట వెంటనే పట్టుకుంది. "వేర్లు మురుగుతయ్" అంది.

కానీ గోళీ మానేస్తే ఆ నీళ్లు తగ్గవు. రక్తంలో కాల్షియం ఒక మట్టం దిగకుండా ఒళ్లు చూసుకుంటుంది, తిండిలో రాకపోతే ఎముకల్లోంచి లాగుతుంది. మామూలుగా ఉన్న కండరపు పోగు లోపలకంటే బయట కాల్షియం పదివేల రెట్లు ఎక్కువ, గోళీ వేసినా మానేసినా ఆ తేడా దాదాపు అంతే. స్టెరాయిడ్ ఎముకల్ని గుల్ల చేస్తుంది కాబట్టే డాక్టర్ కాల్షియం, విటమిన్ డి కలిపి రాశారు. ఇదంతా ఆ రోజే చెప్పి ఉంటే నెల రోజులకు పైగా పిల్లవాడి ఎముకలకు అందాల్సింది అందేది.

నేను చెప్పింది విని మళ్లీ మొదలుపెట్టవద్దని, డాక్టర్‌నే అడగమని పట్టుబట్టాను. చీటీ ఫోటో వాట్సాప్‌లో పంపితే గంటలో జవాబొచ్చింది: ఇవాళే మళ్లీ మొదలుపెట్టండి, ఈ వారంలో ఒకసారి తీసుకురండి. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. నేను క్షమించమన్నాను. "నువ్వు వాని కోసమే గదా చదువుతున్నవ్" అని నా చేయి పట్టుకుంది. ఆ మాట నాకు చాలా బరువుగా ఉంది, ఇప్పటికీ.

చెప్పులేసుకుంటుంటే బాబు పిలిచాడు.

"చిన్నమ్మా, నీ ఎలుకలకు గూడ నా జబ్బే గదా. అవి మెట్లు ఎక్కుతయా?"

ఎక్కుతాయి. వాటిలోనూ డిస్ట్రోఫిన్ లేదు, కానీ ఎలుక కండరం పాడైనా చాలావరకు మళ్లీ పెరుగుతుంది. బోను కమ్మీలు పట్టుకుని పైదాకా పాకుతాయి. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఎక్కుతయిరా" అన్నాను.

వాడు కాసేపు ఆలోచించాడు. "ఎట్ల ఎక్కుతున్నయో అడుగు మరి" అన్నాడు.