మేడ మీద తేనెటీగల ఇల్లు: ఐదో నెల సంగతులు

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో నీళ్ల ట్యాంకు కింద పట్టిన తేనెతుట్టెను రాత్రిపూట పొగబెట్టించి తీయించేశారు. తెల్లారి మేడ ఎక్కితే నేలంతా చచ్చిన ఈగలు, వాచ్‌మన్ చీపురుతో ఊడ్చి ఎత్తుతున్నాడు. వీటికి చోటిస్తే చాలదు, ఆ చోటు చూసి జనం ముచ్చటపడాలి, అప్పుడే ఎవరూ చెయ్యి వెయ్యరు అని ఆ రోజే అనిపించింది. నాకు చేతనైంది బొమ్మలు వెయ్యడం, తెలంగాణలోని చేర్యాల పటాల పద్ధతిలో.

నేను కట్టింది తుట్టె పెట్టే ఈగలకు కాదు, ఒంటరిగా బతికేవాటికి. ఒక్కో ఆడ ఈగ తన గూడు తనే కట్టుకుంటుంది, కాపలా కాయాల్సిన గుంపు ఉండదు కాబట్టి మనుషుల మీదికి రాదు. హైదరాబాద్‌లో ఇవి చాలానే ఉన్నాయి, మనమే గమనించం.

జూన్‌లో మామిడిపళ్ల పెట్టె ఒకటి తీసుకుని, మేదరివాళ్ల దగ్గర సన్న వెదురు బొంగులు తెచ్చి, కణుపు వెనకవైపు ఉండేలా ఆరంగుళాల ముక్కలు కోశాను, ఆ కణుపే వెనక గోడ. రంధ్రం 6 నుంచి 10 మిల్లీమీటర్లుంటే సరిపోతుంది. ఉప్పుకాగితాన్ని పుల్లకు చుట్టి లోపల నున్నగా తోమాలి, పేడులు ఉంటే రెక్కలు చిరుగుతాయి. ఇక్కడ తొందరపడొద్దు. మొత్తం 42 బొంగులు.

బొమ్మ వేసేటప్పుడు చేర్యాలలో ఉన్నట్టే వెనకంతా ఎర్రరంగు నింపాను. తర్వాత చదివితే తెలిసింది, తేనెటీగకు ఎరుపు కనపడదట, నలుపులాగే ఉంటుందట. తేనెటీగల మీద పరిశోధన చేసిన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ వందేళ్ల కిందటే రంగు అట్టలు పెట్టి దీన్ని నిరూపించారు. నీలం, పసుపు బాగా కనపడతాయి. ఎరుపు చెరపబుద్ధి కాలేదు, అది మనుషుల కోసం ఉంచేశాను, పై రెండు వరసల్లో బొంగుల చుట్టూ నీలం, పసుపు వలయాలు గీశాను. అసలు పద్ధతిలో చింతగింజల జిగురు, సుద్దమట్టి వాడతారు గానీ వానకు నిలవవు కదా, అందుకే యాక్రిలిక్. రంధ్రాల్లోకి చుక్క కూడా పోనివ్వలేదు, వాసన పోయేదాకా రెండు వారాలు గాలికి పెట్టాను.

మొదట పడమటి గోడకు తగిలించాను, నెలంతా ఒక్కటీ రాలేదు. ఆగస్టులో తూర్పుకు మార్చి, గాలికి ఊగకుండా బిగించి, పైన రేకు మూడంగుళాలు ముందుకు జరిపాను. పక్కనే గులాబీ, తులసి కుండీలు. తొమ్మిదో రోజు గులాబీ ఆకుల అంచుల్లో గుండ్రంగా, రూపాయి బిళ్లతో అచ్చు తీసినట్టు కోతలు! కాసేపు కూర్చుంటే ఈగ వచ్చింది, ఆకు అంచుమీద వాలి కత్తెరలా చుట్టూ తిరిగి, ముక్కను పొట్ట కింద మడిచి పట్టుకుని నేరుగా రెండో వరసలోకి దూరింది. పొట్ట అడుగున పుప్పొడి పసుపు.

ఈ రోజుకు 11 బొంగులు మూసుకున్నాయి, 8 ఆకుతో, 3 మట్టితో. మట్టివి కందిరీగలవి, వాటినీ ఉండనిచ్చాను, అవి పురుగుల్ని పట్టుకుపోతాయి. ఆకువాటిలో 6 నీలం వలయాలవే, కానీ రంగు వల్లే అని చెప్పలేను, ఎందుకంటే అవన్నీ పైన ఉన్నాయి, ఎండ ముందు అక్కడే పడుతుంది. వచ్చే పెట్టెలో వలయాలు చెదరగొట్టి గీస్తాను. కింది వరసలో నాలుగింటికి బూజు పట్టింది, తీసేశాను. మూసినవాటిని మాత్రం కదపను, లోపల పిల్లలున్నాయి.

"అమ్మా, ఇవి కుడ్తయా?" అని మొదట దూరంగా నిలబడ్డ వాచ్‌మన్, ఇప్పుడు ఎవరైనా పైకొస్తే ఆకుముక్కల్ని తనే చూపిస్తున్నాడు. మూడో అంతస్తు పాప తనూ ఒక ఈగ బొమ్మ వేస్తానంటే ఎడమ పక్క పలకంతా ఇచ్చేశాను. నీలి చారల ఈగలు తులసి మీదికి రోజూ వస్తున్నాయి, అవి వెదురులో ఉండవు, మట్టిలో గూడు చేసుకుంటాయి. వాటికోసం బంకమట్టి దిమ్మ ఒకటి పోసి పెన్సిల్‌తో రంధ్రాలు పొడిచాను, ఇంకా తడి ఆరలేదు.