అంకెలు లేని కొలకర్ర

"తంబీ, ఆ టేపు జేబులో పెట్టు. టేపుతో కొలిచి కోసిన రేకు నాకొద్దు." చెన్నైలో చర్చి ఆర్గాన్ల పనిలో చేరే తెలుగు వడ్రంగికి తమిళ మేస్త్రీ నుంచి మొదట ఎదురయ్యే మాట ఇలాగే ఉంటుంది. గుచ్చుకునే మాటే. ద్వారబంధం నుంచి వీణ దాకా చేసిన చేతులు మనవి, కొలవడం మనకి ఒకరు నేర్పాలా అనిపిస్తుంది. అయినా మేస్త్రీ చెప్పింది నిజం. ఎందుకు నిజమో కోపం పక్కన పెట్టి చూద్దాం.

చర్చిలో ఉండే పైప్ ఆర్గాన్ గొట్టాల్లోకి గాలి పంపి పలికించే వాద్యం, అందులో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం. తగరం, సీసం కలిపి పోత పోసిన రేకుని చుట్టి అతుకుతారు. వేళ్ళతో నొక్కే 61 మెట్ల వరసకి 61 గొట్టాలు, ఏ రెండూ ఒక వెడల్పు ఉండవు. 19వ శతాబ్దంలో వైమార్‌లో యోహాన్ గాట్‌లాబ్ ట్యోఫర్ కట్టిన లెక్క ప్రకారం గొట్టం వ్యాసం 17వ గొట్టానికి సగమవుతుంది. వరసలో అన్నిటికన్నా పెద్దది 8 అడుగుల మంద్ర సి గొట్టం (సి అంటే పాశ్చాత్య స్వరం పేరు), దాని వ్యాసం 155.5 మిల్లీమీటర్లు అనుకుంటే రేకు వెడల్పు, అంటే గొట్టం చుట్టుకొలత, 488.5. ఆ పైన వచ్చే సి గొట్టాలకి వరసగా 290.5, 172.7, 102.7, 61.1, 36.3. ఇలాంటి అంకెలు 61 ఉంటే, ఒకరు తమిళంలో చదివి, ఇంకొకరు తెలుగులో విని, మూడోవారు హిందీలో రాసుకుని కోసే చోట 172 కాస్తా 127 అవడానికి ఎంతసేపు? పైగా టేపు కొక్కెం అటూ ఇటూ ఆడుతుంది. అందుకే మేస్త్రీ టేపుకి బదులు కొలకర్ర అడుగుతాడు. కర్ర మీద అంకె ఉండదు, ఒక్కో గొట్టం రేకు వెడల్పుకి ఒక్కో గీత ఉంటుంది. రేకు మీద ఆనించి గీత దగ్గర గుర్తు పెట్టడమే.

కర్రకి పాత టేకు మంచిది. నార తిన్నగా పారిన, బుడిపె లేని ముక్క చూసుకోండి. టేకు అడ్డంగా ఉబ్బుతుంది కానీ నిలువునా దాదాపు కదలదు, గీతలన్నీ నిలువు కొలతలే కాబట్టి చెన్నై తేమకి భయం లేదు. భయమల్లా వంకర తిరగడం గురించే. 30 మిల్లీమీటర్ల చదరంగా కోసి, పని జరిగే చోటే కొన్ని వారాలు ఉంచి, తర్వాత 25కి చిత్రిక పట్టాలి. పొడవు 560 చాలు. నాలుగు ముఖాలకీ రెండు చివరలకీ లక్క పాలిష్ పట్టించాలి. ఒక ముఖం వదిలేస్తే అక్టోబరు వానలకి అటువైపు తేమ తాగి వంగుతుంది. గీతలు గీయకముందే ఒక పూత వేయాలి, లేకపోతే సిరా నార వెంట పాకుతుంది.

సున్నా చివర చెక్కని నమ్మకూడదు. రేకు అంచుకి రాసుకుని అరుగుతుంది. అర మిల్లీమీటరు అరిగితే మంద్ర సి గొట్టానికి లెక్కలోది కాదు, 36 మిల్లీమీటర్ల రేకుకి మాత్రం చాలా ఎక్కువ. చిన్న ఇత్తడి ముక్కని స్క్రూతో బిగించి అంచు పట్టే కొక్కెంలా చేయండి.

ప్రతి గీతా ఆ కొక్కెం నుంచే కొలవాలి. ముందు గీత నుంచి తర్వాతి గీతకి కొలుచుకుంటూ పోతే, ఒక్కో చోట 0.2 తప్పినా చివరికి 12 మిల్లీమీటర్ల దాకా పోతుంది. పెన్సిల్ వద్దు, దాని గీతే అర మిల్లీమీటరు లావు. మూలమట్టం ఆనించి కత్తి మొనతో గీసి, సిరా దించి తుడవాలి. తెల్లమెట్ల గీతలు ఒక అంచున, నల్లమెట్లవి ఎదుటి అంచున ఉంటే పైస్వరాల దగ్గర కన్ను తికమకపడదు.

రెండో ముఖం మీద గొట్టం నోటి (స్వరం పలికేందుకు గొట్టానికి కోసే సందు) వెడల్పు, అంటే రేకు వెడల్పులో నాలుగోవంతు. మూడోదాని మీద వ్యాసం, గొట్టాలు నిలబెట్టే పలక మీద ఎడం చూసుకోవడానికి. నోటి ఎత్తు మాత్రం కర్ర మీద కుదరదు. అది నోటి వెడల్పులో నాలుగోవంతు అనుకుంటే పై సి గొట్టాల దగ్గర గీతల మధ్య దూరం 0.1 మిల్లీమీటరుకి దిగుతుంది. దానికి 300 మిల్లీమీటర్ల టేకు బద్దలు రెండు తీసుకుని, ఒక చివర నుంచి 60 దగ్గర మేకు బిగించి కత్తెరలా చేయాలి. పొడుగు మొనలు నోటి వెడల్పుకి తెరిస్తే పొట్టి మొనలు ఎత్తు చూపిస్తాయి. కోసేటప్పుడు ఆ ఎత్తుకి కాస్త తక్కువే కోయండి. స్వరం పలికించేవాళ్ళు తర్వాత పెంచగలరు, కోసింది మళ్ళీ అతకలేరు.

ఎక్కువమంది దెబ్బతినేది రేకు మందం దగ్గర. 155.5 లోపలి వ్యాసం. రేకు చుట్టినప్పుడు దాని మందం కూడా చుట్టులో కలుస్తుంది, కాబట్టి కోతలో మందానికి మూడు రెట్లు పైచిలుకు కలపాలి. పై చివర అర మిల్లీమీటరు రేకుకి ఇది మరిచిపోతే లోటు 1.6, పక్క స్వరానికి ఉన్న తేడా సరిగ్గా అంతే. అదే రేకు తుంపులు మూడు గీత దగ్గర నిలబెట్టి వాటి అవతల గుర్తు పెడితే లెక్క అక్కర్లేదు.

కర్ర సరిగా వచ్చిందా? మంద్ర సి వెడల్పంత కాగితం పట్టీ కోసి ఒకసారి మడిస్తే 17వ గీత మీద పడాలి. రెండోసారి మడిస్తే రెండో ముఖం మీద సి గీతకి అతకాలి. ఈ పరీక్షకి అంకెలతో పనిలేదు. నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చెన్నైలో సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో, ఎగ్మూరు సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌లో ఉన్నలాంటి ఆర్గాన్లకి కొత్త గొట్టం చేయాల్సి వస్తే ట్యోఫర్ లెక్క పట్టుకోకూడదు. పాత ఆర్గాన్ కొలత దాని గొట్టాల్లోనే ఉంటుంది. పక్క గొట్టాలకి కాగితం చుట్టి, దాన్నే కర్ర మీదికి ఎక్కించాలి. కాగితం బయటి చుట్టు చూపుతుంది గనుక మందానికి ఆరు రెట్లు పైచిలుకు తగ్గించాలి, 1.2 మిల్లీమీటర్ల రేకుకి 7.5.

ఇక మనసులో మాట. బొబ్బిలిలో పనస మొద్దు తొలిచి ఏకాండి వీణ చేసేవాళ్ళు 24 మెట్లనీ మైనం మీద చెవితో నిలబెడతారు. అంత చెవి ఉన్న చోటు నుంచి వచ్చి టేపు గురించి మాట పడటం నాకిప్పటికీ కష్టంగానే ఉంది. ఆర్గాన్‌లోనూ చివరి మాట చెవిదే. కర్ర పని గొట్టాన్ని చెవి అందుకోగల దూరానికి తీసుకురావడం వరకే, అంతవరకు మాత్రం అది తప్పకూడదు. వాడాక మూలకి ఆనించి నిలబెట్టొద్దు, వంగిపోతుంది. కొక్కెం లేని చివర రంధ్రం చేసి మేకుకి వేలాడదీయండి.