ఆగిన చదువు మళ్లీ మొదలుపెట్టాలంటే

ఏడో తరగతితో బడి మానేసిన ముస్లిం అమ్మాయికి తెలంగాణలో దగ్గరి దారి ఓపెన్ స్కూల్. 14 ఏళ్లు నిండితే నేరుగా పదో తరగతికి చేరొచ్చు, ఉర్దూ మీడియం కూడా ఉంది. రోజూ బడికి వెళ్లక్కర్లేదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడం కొంత తేలిక.

అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఆధార్‌లో ‘షేక్ ఆయేషా బేగం’, టీసీలో ‘ఎస్‌కే ఆయేషా’, బ్యాంకు పాస్‌బుక్కులో ‘ఆయేషా బీ’. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోరు, తీరా స్కాలర్‌షిప్ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. పదో తరగతి మెమోలో పడిన పేరే ఆ తర్వాత అన్ని సర్టిఫికెట్లకూ ఆధారం, దాన్ని మార్పించుకోవడం పెద్ద తలనొప్పి. అందుకే పరీక్ష ఫీజు కట్టేలోపే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం సరిచూసుకోండి. స్కాలర్‌షిప్ డబ్బు పడే ఖాతా అమ్మాయి పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో లింకయి ఉండాలి.

వెనకబడిన ముస్లిం వర్గాలకు చదువులో, ఉద్యోగాల్లో ఇచ్చే బీసీ-ఈ కోటా 4 శాతం. షేక్‌లకు వర్తిస్తుంది, సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలకు వర్తించదు. ఇది తెలియక సీటు పోగొట్టుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు అడ్మిషన్లు మొదలుకాకముందే మీసేవలో దరఖాస్తు పెట్టండి.

పెళ్లి కుదిరినా చదువు ఆపక్కర్లేదు. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్యలో డిగ్రీని ఉర్దూలోనే చదివిస్తుంది.