అక్కా, పీడీఎఫ్ పెట్టవా?

2025 సెప్టెంబరు 28న తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్-2 ఉద్యోగాల ఫైనల్ లిస్టు వచ్చినప్పుడు నేను సద్దుల బతుకమ్మకని ఊళ్లో ఉన్నాను. మర్రిగూడ దగ్గర మా ఊరు. సిగ్నల్ కావాలంటే మిద్దె ఎక్కాలి. ఫ్రెండ్స్ గ్రూపులో ఎవరో పెట్టిన పీడీఎఫ్ మెల్లగా దిగింది. తెరిచి సెర్చ్‌లో హాల్‌టికెట్ నంబరు కొట్టాను. ఫలితాలు లేవు అని వచ్చింది. ఒక్కో అంకె చూసుకుంటూ మళ్లీ కొట్టాను. లేదు. కింద నుంచి అమ్మ "ఉన్నదా బిడ్డా, లేదా?" అని అరుస్తోంది. నాకు నోరు పెగల్లేదు.

ఏం తోచిందో ఏమో, నా నంబరు వదిలేసి, మొదటి పేజీలో కళ్లెదుట కనిపిస్తున్న నంబరు ఒకటి కొట్టి చూశాను. అదీ లేదంది. ఉన్న నంబరునే లేదంటోందంటే తేడా నా తలరాతలో లేదు, ఫైల్లో ఉంది. ఎవరో పుణ్యాత్ముడు స్క్రీన్‌షాట్లు తీసి పీడీఎఫ్ చేసి పంపాడు. చూడ్డానికి అక్షరాలే, లోపల ఉన్నది ఫొటో. కమిషన్ వెబ్‌సైట్లో అసలు ఫైల్ దించుకుని కొడితే నా నంబరు మీద రంగు పడింది. మిద్దె మెట్లు ఎలా దిగానో గుర్తులేదు.

అప్పటి నుంచి ఫోన్‌లో ఒకటే మెసేజ్: "అక్కా, మీ నోట్స్ పీడీఎఫ్ పెట్టవా?" పెట్టను. పొగరని అనుకోకండి. ఎందుకో చెప్తాను. సిలబస్, నాలుగు పేపర్లు, 600 మార్కులు మీకు నాకంటే బాగా తెలుసు, వాటి జోలికి పోను.

2023 జులై 1న గ్రూప్-4 రాసిననాటికి నా ఫోన్‌లో 11 జీబీ పీడీఎఫ్‌లున్నాయి. ఎక్కడ ఏది కనిపించినా దించుకునేదాన్ని. పేర్లు చూస్తే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది: ఫైనల్, ఫైనల్ 2, లేటెస్ట్ ఫైనల్, ఒరిజినల్ ఫైనల్. దించుకున్న రోజు చదివినంత సంతృప్తి ఉంటుంది. ఆ పరీక్షలో పోయింది. లిస్టులో పేరు రాలేదు.

గ్రూప్-2కి మాత్రం గట్టిగానే కూర్చున్నాను. నల్లగొండలో హాస్టల్, జిల్లా గ్రంథాలయం తలుపు తీయకముందే బయట నిలబడేదాన్ని. తెలంగాణ ఉద్యమం పేపరుకి ఒక 640 పేజీల పీడీఎఫ్ నమ్ముకున్నాను. గ్రూపులో వచ్చింది, అక్కడే నొక్కి తెరిచి, అక్కడే పసుపు రంగుతో గీసుకుంటూ పోయాను. ఐదు నెలలు. ఆగస్టు 7, 8 తేదీల్లో పరీక్ష అన్నారు. 2024 జూన్‌లో ఒక రాత్రి ఫోన్ నిండిపోయిందని చూపిస్తే, యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు, అదే క్యాష్, క్లియర్ చేసి పడుకున్నాను. పొద్దున ఫైల్ నొక్కితే మళ్లీ డౌన్‌లోడ్ గుర్తు వచ్చింది. దిగింది, 640 పేజీలూ ఉన్నాయి. ఒక్క గీత లేదు. ముల్కీ చాప్టర్, 1969 ఉద్యమం, పెద్దమనుషుల ఒప్పందం, అన్నీ కడిగిన పలకలా తెల్లగా ఉన్నాయి.

గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, దాచుకోవడానికేముంది.

జరిగింది ఏమిటంటే, గ్రూపులో నొక్కి తెరిచిన ఫైల్ ఆ యాప్ తన సొంత ఫోల్డర్లో తాత్కాలికంగా పెట్టుకున్న కాపీ. నా గీతలన్నీ ఆ కాపీ మీద ఉన్నాయి. క్యాష్ తీసేస్తే కాపీ పోయింది. మళ్లీ దిగింది ఎవరో పెట్టిన అసలు ఫైల్, దానికి నా గీతల సంగతి ఏం తెలుసు? కాబట్టి మొదట ఫైల్‌ను డౌన్‌లోడ్స్ ఫోల్డర్లోకి సేవ్ చేసుకోండి, మీ పేరు పెట్టుకోండి, ఆ తర్వాతే పెన్ను తీయండి. ఇంకొక పరీక్ష కూడా పెట్టండి: రెండు పేజీలు గీసి, సేవ్ చేసి, ఆ ఫైల్‌ను ఇంట్లో ఎవరి ఫోన్‌కైనా పంపి తెరిచి చూడండి. గీతలు అక్కడా కనిపిస్తే ఫైల్లో పడ్డట్టు. కనిపించకపోతే యాప్ తన దగ్గరే దాచుకుంటోందన్నమాట, ఫోన్ పోతే అవీ పోతాయి. ఆదివారం ఆదివారం గూగుల్ డ్రైవ్‌లో ఒక కాపీ పడేయడం రెండు నిమిషాల పని.

తర్వాత పరీక్ష డిసెంబరుకు వాయిదా పడింది. వాయిదా కోసం నేను ధర్నాకు పోలేదు, కానీ పడిందని తెలిసినప్పుడు లోపల సంతోషించాను. ఎవరేమన్నా అనుకోండి. మళ్లీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. రెండోసారి గీయడానికి చెయ్యి రాలేదు. పాత పేజీ గుర్తు చేసుకుంటే, పండగనాటి గడపలా మొత్తం పసుపే. అంతా గీస్తే ఏదీ గీయనట్టే కదా. ఈసారి ముందు ఒక కాగితం మీద పనికొచ్చే పేజీల నంబర్లు రాసుకుంటూ పోయాను. 640లో 186 తేలాయి.

ఆ పేజీలు మాత్రమే విడదీయడానికి ఏ వెబ్‌సైటూ అక్కర్లేదు. ఫైల్‌ను క్రోమ్‌లో తెరిచి ప్రింట్ నొక్కండి, ప్రింటర్ బదులు సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోండి, పేజీల దగ్గర 31-38, 52, 90-97 అని కామాలతో ఇవ్వండి. ఫోన్‌లోనూ ఇలాగే వస్తుంది. అయితే ముందు కోత, తర్వాత గీత. గీసిన తర్వాత ఇలా కోస్తే రంగు పేజీలో అంటుకుపోతుంది, మళ్లీ తీయలేరు.

పేజీ నంబర్ల దగ్గర నేను పడ్డ గుంట కూడా చెప్పాలి. పుస్తకం కింద 212 అని అచ్చయి ఉంటుంది, ఫైల్ లెక్కలో అది 226. ముందుమాట, విషయసూచిక కలిపి పద్నాలుగు పేజీల తేడా. ప్రింట్ డబ్బా అడిగేది ఫైల్ లెక్క. గడియారం సెంటర్ దగ్గర జిరాక్స్ అన్నకు 212 నుంచి 230 అని చెప్పి వేరే పనికి పోయి వచ్చాను. వచ్చి చూస్తే సగం వేరే చాప్టర్ కొట్టి పెట్టాడు. తప్పు నాది, డబ్బులూ నావే. ఒక కాగితానికి నాలుగు పేజీలు కొట్టించుకుంటే చవక అని ఆశపడకండి. ఇంగ్లీషయితే ఎలాగో చదువుతారు. తెలుగులో వత్తులు చీమల్లా అయిపోతాయి, 'ద'కీ 'ధ'కీ తేడా భూతద్దంతో వెతుక్కోవాలి. రెండు చాలు, అదీ చుట్టూ ఖాళీ అంచులు క్రాప్ చేశాక.

తెలుగు పీడీఎఫ్‌లో సెర్చ్ పని చేయడం లేదని చాలామంది అడిగారు. దీనికి రెండు కారణాలు. ఒకటి నాకు రిజల్ట్ రోజు జరిగిందే, స్కాన్ చేసిన ఫొటో. రెండోది డీటీపీలో, అంటే కంప్యూటర్లో పుస్తకం కూర్చేటప్పుడు, వాడిన పాత ఫాంట్లు. అవి అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టినవి. కంటికి 'శ్రీశైలం' అని కనిపిస్తుంది, కాపీ చేసి మెసేజ్‌లో పేస్ట్ చేస్తే డాలర్ గుర్తులు, ఏవో విదేశీ అక్షరాలు పడతాయి. ఏ ఫైల్ అయినా చదవడం మొదలుపెట్టే ముందు ఒక్క లైను కాపీ చేసి పేస్ట్ చేసి చూడండి, దాని జాతకం తెలిసిపోతుంది. అసలు పీడీఎఫ్ తయారైందే ఎక్కడ తెరిచినా ఒకేలా కనిపించడానికి. మార్చుకోవడం దాని స్వభావంలో లేదు. 1993లో అడోబీ తెచ్చింది, 2008లో ఐఎస్ఓ 32000 అనే అంతర్జాతీయ ప్రమాణమైంది. బిట్‌గా రావచ్చు, రాసుకోండి.

అక్షరాలు కావాలంటే పేజీలను పది పది ముక్కలు చేసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ఓపెన్ విత్ గూగుల్ డాక్స్ నొక్కండి. తెలుగు కూడా బాగానే చదువుతుంది. కానీ కళ్లు మూసుకుని నమ్మొద్దు. నిజాం దివాను సాలార్‌జంగ్ జిల్లాలు ఏర్పాటు చేసిన జిల్లాబందీ సంవత్సరం నా నోట్స్‌లో 1865 కాస్తా 1885 అయింది. నేను అలాగే బట్టీ పట్టి, మాక్ టెస్టులో అదే పెట్టాను. ఆయన 1883లోనే పోయాడని అదే నోట్స్‌లో మరో పేజీలో ఉంది! చచ్చిపోయాక జిల్లాలు ఎలా పెట్టాడని నాకు నెల రోజులు అనుమానం రాలేదు. అంకెలున్న ప్రతి లైనూ అసలు పేజీతో పోల్చి చూసుకోవాల్సిందే.

ఇలా కూర్చుని పోల్చుకునే ఓపిక లేకపోతే ఎన్ని జీబీలున్నా దండగ. రీల్స్‌కి రెండు గంటలు దొరుకుతాయి, దీనికి ఇరవై నిమిషాలు దొరకవంటే... సరే, ఉపన్యాసం ఆపుతాను. నేనూ రీల్స్ చూశాను.

సర్టిఫికెట్ల సంగతి త్వరగా చెప్తాను. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది, పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం. మిగతావాటితో కలపబోతే మొరాయిస్తుంది. ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి తెరిచి, పైన చెప్పిన ప్రింట్ పద్ధతిలోనే మళ్లీ సేవ్ చేస్తే తాళం లేని కాపీ వస్తుంది. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా బోనఫైడ్లు, మిగతా సర్టిఫికెట్లు కలిపేటప్పుడు 01, 02 అని పేర్లు పెట్టండి, లేకపోతే కొన్ని చోట్ల 1 తర్వాత 10 వచ్చి కూర్చుంటుంది. సైజు తగ్గించాక సర్టిఫికెట్ నంబరు, ముద్ర పెద్దవి చేసి చూడండి. నాది మొదటిసారి ముద్ర బూడిద మరకలా వచ్చింది. ఆధార్, కులం సర్టిఫికెట్ లాంటివి ఊరూ పేరూ లేని ఉచిత సైట్లకు ఎక్కించకండి. నంబరు మీద నల్ల డబ్బా గీసి గ్రూపులో పెట్టేవాళ్లు ఒక మాట వినండి. చాలా యాప్‌లలో ఆ డబ్బా మూత లాంటిదే, కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే వచ్చేస్తాయి. స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మనే పంపండి.

మొన్న నల్లగొండ పోయినప్పుడు జిరాక్స్ అన్న "ఆ 186 పేజీలు ఇయ్యి చెల్లె, బైండింగ్ చేసి పెడ్త, మస్తు పోతది" అన్నాడు. ఇవ్వలేదు. మా చిన్నమ్మ బిడ్డ ఈ ఏడాదే డిగ్రీ అయిపోయింది, ఆమె కోసం ఒక్క సెట్ కొట్టించాను. ప్రింట్ పెట్టేటప్పుడు అక్రోబాట్‌లో 'డాక్యుమెంట్ అండ్ మార్కప్స్' బదులు ఒట్టి 'డాక్యుమెంట్' ఎంచుకున్నాను. నా గీతలు ఒక్కటీ పడలేదు. "పసుపు రంగు ఏది అక్కా, ఏది ఇంపార్టెంటో ఎట్ల తెల్వాలె?" అని అలిగింది. ఒక స్కెచ్ పెన్ను కొనిచ్చి వచ్చాను.