గాలీ కాదు, ధూళీ కాదు

డ్రగ్స్ అనగానే మనవాళ్లు హైదరాబాద్ పబ్బుల గురించి మాట్లాడతారు. విజయనగరంలో కూర్చుని ఆ కబుర్లు వింటుంటే నాకు నవ్వొస్తుంది. గంజాయి పండే కొండలు ఇటు పాడేరు వైపు, అటు కోరాపుట్, మల్కన్‌గిరి వైపు ఉన్నాయి. పార్వతీపురం మీదుగా వచ్చే రైలు మార్గం, ఇచ్ఛాపురం, పలాస మీదుగా వచ్చే మార్గం కలిసేది మన స్టేషన్లోనే. అంత సరుకు మన గుమ్మం ముందు నుంచి పోతుంటే కాస్తయినా ఇక్కడ రాలకుండా ఉంటుందా?

మా పక్క వీధిలో ఒక పిన్ని కొడుకు (వివరాలు కొంచెం మార్చాను) కాలేజీ మానేశాడు, తర్వాత నిద్ర మానేశాడు, ఫ్యాన్లోంచి ఎవరో తనని తిడుతున్నారని స్విచ్ ఆపేసి ఆ ఉక్కలోనే తెల్లార్లూ కూర్చునేవాడు. "మా గుంటడికి గాలి సోకినాది బావూ" అని పిన్ని తాయెత్తు కట్టించింది, కోడిని కోయించింది, ఎవరు ఏ ఊరు చెబితే ఆ ఊరు తిప్పింది. అసలు సంగతేంటంటే పరుపు కింద గంజాయి చుట్టుకునే కాగితాలు, కళ్ల ఎరుపు పోవడానికి వేసుకునే చుక్కల మందు ఆవిడకి ఎప్పుడో దొరికాయి. చెబితే పోలీసులు పట్టుకుపోతారని, కూతురికి సంబంధాలు రావని నోరు మూసుకుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లేసరికి బాగా ఆలస్యమైపోయింది. ఇప్పుడు మాత్రలు వాడుతున్నాడు, కొంచెం నయం. పిన్ని మాత్రం చుట్టాలకి నరాల బలహీనత అని చెబుతోంది, చెప్పుకోనీండి, మాత్ర టైముకి పడితే చాలు.

"మా తాత కూడా గంజాయి తాగేవాడు, ఏమైంది?" అంటారు కొందరు. తాగిన ప్రతివాడికీ మతి చెడదు, నిజమే. కానీ చిన్న వయసులో మొదలుపెట్టి రోజూ తాగేవాళ్లకి, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉన్నవాళ్లకి ఆ ముప్పు బాగా ఎక్కువ. కేంద్రం ఎయిమ్స్ చేత చేయించి 2019లో బయటపెట్టిన సర్వేలో భంగు, గంజాయి, చరస్ కలిపి దేశంలో 3.1 కోట్ల మంది వాడుతున్నట్టు తేలింది. పంక్చర్ సొల్యూషన్ లాంటివి పీల్చే అలవాటైతే పెద్దవాళ్లలో కంటే పిల్లల్లోనే ఎక్కువట, ఇది చదివాక సైకిల్ షాపు దగ్గర గుంపుగా ఉన్న పిల్లల్ని చూస్తే నాకు అనుమానమే.

పిన్ని భయపడ్డ పోలీసు కేసు సంగతి కూడా చెప్పాలి. మత్తుమందుల మీద 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది: వాడినందుకో, కొద్దిపాటి సరుకు దగ్గరున్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు, తనంతట తానే వైద్యానికి వెళ్లి దాన్ని పూర్తిచేస్తే ఆ కేసులో ప్రాసిక్యూషన్ నుంచి, అంటే కోర్టులో విచారణ నుంచే మినహాయింపు ఉంటుంది. సరుకు మోసుకెళ్లేవాడికి మాత్రం ఈ జాలి లేదు. "ఈ బ్యాగు ఫలానా స్టేషన్లో ఇచ్చెయ్, ఖర్చులకి డబ్బులిస్తాం" అంటే వెళ్లే కుర్రాళ్లున్నారు చూడండి, అందులో గంజాయి 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, పైగా లక్ష జరిమానా, బెయిల్ దొరకడమే గగనం. లోపల ఏముందో తెలీదంటే సరిపోదు, తెలీదని వాడే రుజువు చేసుకోవాలి.

వైద్యం, సలహా కోసమైతే 14446కి ఫోన్ చేయండి. అమ్మేవాళ్ల గురించి చెప్పాలంటే మన రాష్ట్రంలో ఈగల్ (మత్తుమందుల్ని అరికట్టే పోలీసు విభాగం) వాళ్ల నంబరు 1972. కొడుకు కోసం చేసే అమ్మ మొదట చేయాల్సింది 14446కి, అది పోలీసు నంబరు కాదు.