ఆయుధాల కొనుగోలులో కృత్రిమ మేధ ఎక్కడ పనికొస్తుంది?

రక్షణ కొనుగోళ్లలో కృత్రిమ మేధ అనగానే బిడ్లను వడపోయడం, ధరలను పోల్చడం గురించే ఎక్కువగా వింటున్నాం. నా అభిప్రాయంలో దాని అవసరం అంతకంటే చాలా ముందు, సైన్యం తనకు కావలసిన ఆయుధ లక్షణాలను కాగితం మీద పెట్టే దశలోనే ఉంది.

2011లో మన సైన్యం గొట్టం మార్చుకుని 5.56, 7.62 మిల్లీమీటర్ల తూటాలు రెండింటినీ పేల్చగల రైఫిళ్ల కోసం టెండరు పిలిచింది. పోటీకి వచ్చిన విదేశీ రైఫిళ్లేవీ అనుకున్న ప్రమాణాలను అందుకోలేకపోవడంతో 2015లో అది రద్దయింది. కొన్ని సాంకేతిక లక్షణాలు మార్వెల్ కామిక్ పుస్తకాల్లోంచి తెచ్చినట్లున్నాయని అప్పటి రక్షణ మంత్రి మనోహర్ పారికర్ బహిరంగంగానే అన్నారు. వేర్వేరు దేశాల ఆయుధాల్లోని మేలైన గుణాలన్నీ ఒకే వస్తువులో కావాలని అడిగితే అలాంటిది ఎవరి దగ్గరా దొరకదు. ఆ సంగతి క్షేత్ర పరీక్షల దాకా వెళ్లాక తేలితే, పోయిన సంవత్సరాలను తిరిగి తెచ్చుకోలేం, సరిహద్దులో జవాను చేతిలో ఆ పాత ఆయుధమే ఉంటుంది. పాత టెండర్లను, పరీక్షల నివేదికలను, తయారీదారుల వివరాలను కలిపి చదివి, ఏ రెండు షరతులు ఒకదానితో ఒకటి పొసగవో, ఏ షరతు వల్ల పోటీదారులు ఒక్కరికే కుదించుకుపోతారో ముందే ఎత్తిచూపడం యంత్రానికి తగిన పని.

విజేతను ఎంచే పని మాత్రం దానికి అప్పగించకూడదు. గత ఒప్పందాలను చూసి నేర్చుకున్న వ్యవస్థ పాత సరఫరాదారుల వైపే మొగ్గుతుంది. రక్షణ రంగంలో కొత్త ఆవిష్కరణలను ప్రోత్సహించడానికి 2018లో మొదలైన ఐడెక్స్ పథకం ద్వారా వస్తున్న అంకుర సంస్థలకు, హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలల చుట్టూ పెరిగిన చిన్న పరిశ్రమలకు చూపించుకోవడానికి అంతటి చరిత్ర ఉండదు. పైగా ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ అడిగినా, ఓడిన బిడ్డరు అడిగినా, కారణాన్ని సంతకం చేసిన అధికారి చెప్పాలి. యంత్రం తక్కువ మార్కులు వేసిందనడం జవాబు కాదు. సైన్యంలో వాడే కృత్రిమ మేధ నమ్మదగినదేనా అని పరీక్షించడానికి 2024 అక్టోబరులో విడుదలైన ఈటాయ్ మార్గదర్శకాలు పారదర్శకతను, నిష్పాక్షికతను కోరుతున్నాయి. అదే కొలబద్దను కొనుగోళ్ల విభాగంలోని వ్యవస్థలకూ వర్తింపజేయాలి.

మనం ఏమి కొనాలనుకుంటున్నామో చెప్పడమంటే మన దగ్గర ఏమి లేదో బయటపెట్టడమే గనుక, ఈ సమాచారం రక్షణ శాఖ సొంత నెట్‌వర్క్ దాటకూడదు. వాడకానికి ముందు, రద్దయిన టెండర్ల షరతులను, సఫలమైన వాటి షరతులను కలిపి, ఫలితాలు చెప్పకుండా ఆ వ్యవస్థకు ఇచ్చి, వేటిని ప్రమాదకరమని గుర్తిస్తుందో పరీక్షించాలి.